గణితోపాధ్యాయులును గణకయంత్రమును
(వార్షిక మహాసభయందు చేయఁబడిన యుపన్యాసము)



విద్యావిషయమై నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యనిర్వాహకవర్గమువారు నన్నాదేశించిరి. నేను బాల్యమున సంస్కృతము నభ్యసించి, పిమ్మట గణితోపాధ్యాయుఁడనై, ఉద్యోగకాలమంతయు సుద్దముక్కతోఁ గడపినవాఁడను. అట్టివాఁడు కంప్యూటరునుగూర్చి మాటలాడుట కొందఱికి వింతగాఁ దోఁపవచ్చును. అయినను మన విద్యార్థివసతిగృహమున గణితోపాధ్యాయులకై రెండు పర్యాయములు శిక్షణశిబిరమును నడపితిని గనుక, అందు నేను చేసిన తప్పును, నేర్చిన పాఠమును మీయెదుట నివేదించుట నా విధి యని తలంచుచున్నాను.

మేము నేర్పఁబూనినది జియోజీబ్రా యను సాధనము. దీనిని 2001లో ఆస్ట్రియాదేశమందలి సాల్జ్‌బర్గు విశ్వవిద్యాలయమున మార్కస్ హోహెన్‌వార్టర్ అనునతఁడు ప్రారంభించెను. పాఠశాలలకు మూల్యము లేకయే లభించును. ఒకసారి యంత్రమున నిలుపుకొన్నచో ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయును. తెరపై త్రిభుజమును గీచి, దాని శీర్షమును పట్టి యీడ్చినచో, భుజములును కోణములును మన కన్నులయెదుటనే మాఱుచుండును.

మొదటి శిబిరమునకు నగరమునుండి యొక యువకుని రప్పించితిమి. అతఁడు సమర్థుఁడు. దినమంతయు ప్రొజెక్టరుమీఁద వింతవెంబడి వింతను జూపెను. అందఱును కరతాళధ్వనులు చేసిరి. నేనును మిక్కిలి సంతసించితిని. మూఁడు మాసముల పిదప పాఠశాలలకుఁ బోయి చూడఁగా, ఒకచోట కంప్యూటర్ల గదికి తాళము. మఱియొకచోట యంత్రములపై దుమ్ముపట్టిన గుడ్డ. కారణమడుగఁగా నా యీడువాఁడైన యొక యుపాధ్యాయుఁ డిట్లనెను: "మాస్టరుగారూ, మీ శిబిరమున నా కన్నులకే పని గలిగినది, చేతులకు లేదు. పిల్లలయెదుట ఏ మీట నొక్కవలెనో తోఁచక నవ్వులపాలగుటకంటె సుద్దముక్కయే మేలనుకొంటిని."

ఆ మాట నాకు ములుకువలె నాటినది. ఏలయన, శిబిరమును నడపిన నేనును ఆ దినమున మౌసును ముట్టలేదు. నాకును అదే భయము! విద్యార్థియెదుట తెలియదనుటకు సిగ్గుపడు గురువు క్రొత్తవిద్యను నేర్వఁజాలఁడు. ఆ సిగ్గును పోఁగొట్టని శిబిరము ఉత్సవమే కాని శిక్షణము కాదు.

రెండవమాఱు పదునాఱుగురిని మాత్రమే పిలిచి, యంత్రమునకు ఇరువురు చొప్పునఁ గూర్చుండఁబెట్టితిమి. పెద్దవాఁడే మౌసు పట్టవలెను. చిన్నవాఁడు నోటితోఁ జెప్పవచ్చును గాని చేయి చాఁపరాదు. ఇదియే మా నియమము. మొదటివాఁడనై నేనే పట్టితిని. నా చేయి వణఁకఁగా అందఱును నవ్విరి. ఆ నవ్వుతో సగము భయము పోయెను.

మొదటి పని చతురస్రమును గీయుట. పెక్కురు కంటికొలఁది నాలుగు రేఖలు గీచిరి. "ఒక మూలను పట్టి యీడ్వుఁడు" అంటిని. ఈడ్చినంతనే ఆకారము చెదరిపోయెను. పిమ్మట భుజాగ్రములయందు లంబములెత్తి, భుజమే వ్యాసార్ధముగా వృత్తములు గీచి నిర్మించిరి. అది యెట్లీడ్చినను చతురస్రముగనే నిలిచెను. చతురస్రమువలెఁ గనఁబడుట వేఱు, చతురస్రమగుట వేఱు అని గంటసేపు చెప్పినను తెలియని విషయము క్షణములోఁ దెలిసెను.

రెండవనాఁడొక చిక్కు వచ్చెను. ఒక త్రిభుజమున కోణములు 60.33, 59.33, 60.33 అని తెరపైఁ గనఁబడెను. కూడఁగా 179.99! "అట్లయిన సిద్ధాంతము తప్పా?" యని యొక యువతి యడిగెను. అందఱును మౌనము వహించిరి. అపుడు మునుపు నాతో సిగ్గు చెప్పుకొన్న యా పెద్దయుపాధ్యాయుఁడే లేచి, నల్లబల్లపై శీర్షముగుండ భూమికి సమాంతరరేఖను గీచి, ఏకాంతరకోణములచే మూఁడు కోణముల మొత్తము రెండు లంబకోణములే యని నిరూపించెను. యంత్రము ఒక్కొక్క కోణమును రెండు దశాంశములకు సవరించి చూపుటచే నా లోపము కలిగినదనియు వివరించెను. ఆర్యభటుఁడు క్రీ. శ. 499లో 20000 వ్యాసముగల వృత్తమునకు పరిధి 62832 అని చెప్పుచు, అది 'ఆసన్నము', అనఁగా సమీపమైనది మాత్రమే యని తానే యొప్పుకొన్న సంగతిని నేను జ్ఞాపకము చేసితిని. కొలుచుట యంత్రముపని, నిరూపించుట మనుష్యుని పని. ఆ మధ్యాహ్నమునుండి ఆ పెద్దాయన యంత్రమునకు భయపడలేదు.

కడపటిపూట ప్రతివారును తమ పాఠ్యపుస్తకమునుండి యొక పాఠమును సిద్ధపఱచి తోడివారికి బోధించిరి. నెల గడచిన పిదప మరలఁ గూడితిమి. పెక్కురు తరగతిలో ఆ పాఠమును చెప్పియుండిరి. కొందఱు చెప్పలేకపోయిరి, వారి యంత్రములు చెడియుండెను, బాగుచేయించు దిక్కు లేదు.

కావున మహాజనులకు నా విజ్ఞప్తి యిది. మన దాతలు పాఠశాలలకు యంత్రములను కొనియిచ్చుచున్నారు, అందులకు వందనములు. కాని క్రొత్తది కొనుటకుముందు పాతదానిని బాగుచేయింపుఁడు. నెలకొక ఆదివారము వసతిగృహపు గదిని ఉపాధ్యాయులకు విడిచి, వారి దారిబత్తెమును, భోజనమును భరింపుఁడు. ఈ శిబిరమునకు మన కులమువారినే కాక, అందఱు ఉపాధ్యాయులను పిలువుఁడు. మన బిడ్డలకు చదువు చెప్పువారు అందఱును గదా! దానము గోడమీఁది శిలాఫలకమున నిలుచుటకంటె బాలుని బుద్ధియందు నిలుచుట మేలు.