పోయినది చుట్టరికం చెప్పదు



ఈ సభలో అధ్యక్షుడు శైవల శాస్త్ర శాఖనంతా ఒక చుట్టు చుట్టి రావాలని మనకో ఆనవాయితీ ఉంది. ఇవాళ ఆ పని చెయ్యను. హరిత శైవలాల మైటోకాండ్రియా జీనోమ్‌ల గురించి, అందులోనూ ఏళ్ల తరబడి ఈ సభల్లో నేను అడుగుతూ వస్తున్న ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను. రెండు శైవలాలు ఒకే రకం వస్తువుల్ని పోగొట్టుకున్నంత మాత్రాన చుట్టాలవుతాయా?

క్లామిడోమోనాస్ రైన్‌హార్డ్‌టై సంగతి మీకు తెలిసిందే. సుమారు 15,800 క్షార జతల నిడివి, రెండు కొసలున్న తీగలాంటి డీఎన్‌ఏ. శ్వాసక్రియకు కావలసిన ప్రోటీన్ల జన్యువులు ఏడే, టీ-ఆర్‌ఎన్‌ఏలు మూడే. రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులైతే ముక్కలు ముక్కలై, వరస తప్పి, ఇతర జన్యువుల సందుల్లో పడి ఉన్నాయి. ఈ చెల్లాచెదురును బోర్, గ్రే 1988లో చూపించారు. మరుసటి ఏడాదే గ్రే బృందం ఆ ఆర్‌ఎన్‌ఏల ఆధారంగా ఒక వంశవృక్షం గీసింది. అందులో నేలమొక్కల మైటోకాండ్రియా ఒక కొమ్మన, క్లామిడోమోనాస్‌ది ఎక్కడో దూరాన మరో కొమ్మన పడ్డాయి. మొక్కలకు మైటోకాండ్రియా విడిగా, ఆలస్యంగా వచ్చిందేమో అన్నదాకా ఆలోచన సాగింది. క్లోరోప్లాస్టు చూస్తే ఒకే ఇల్లు, మైటోకాండ్రియా చూస్తే రెండిళ్లు!

1994లో ప్రోటోథీకా వికర్‌హామై జీనోమ్ వచ్చాక ఆ చిక్కు విడింది. పచ్చదనం పోగొట్టుకున్న ఈ శైవలం మైటోకాండ్రియాలో మాత్రం 55,328 క్షార జతల నిండు సంసారం ఉంది. రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువులు, విరగని ఆర్‌ఎన్‌ఏలు, మొక్కల్లో కనిపించే 5ఎస్ ఆర్‌ఎన్‌ఏ, అన్నీ ఉన్నాయి. మొక్కలకూ హరిత శైవలాలకూ మైటోకాండ్రియా ఒకే మూలం నుంచి వచ్చిందని, క్లామిడోమోనాస్ శాఖ తన వాటాను దారిలో పోగొట్టుకుందని తేలింది. గ్రే కూడా ఆ తర్వాత ఒకే మూలం వైపే నిలబడ్డాడు. తాను గీసిన గీతను తానే చెరిపేసుకోగల శాస్త్రవేత్త మీద నాకున్న గౌరవాన్ని ఇక్కడ చెప్పుకోవాలి.

ఇంత జరిగినా పాఠం ఒంటపట్టలేదు. 1999లో క్యుబెక్ నుంచి టర్మెల్, లెమ్యూల బృందం రెండు హరిత శైవలాల మైటోకాండ్రియా జీనోమ్‌లు ప్రకటించింది. నెఫ్రోసెల్మిస్‌ది సుమారు 45,000 క్షార జతలతో పాతకాలపు ఉమ్మడి ఇల్లులా నిండుగా ఉంది. పెడినోమోనాస్ మైనర్‌ది 25,000 మాత్రమే, జన్యువులు 22. చిన్నది, వేగంగా మారినది, అచ్చం క్లామిడోమోనాస్ పోలిక. వృక్షంలోనూ దాని పక్కకే చేరింది. నేను నమ్మాను. పదేళ్లు తరగతిలో అదే చెప్పాను. 2009లో అదే బృందం పెడినోమోనాస్ క్లోరోప్లాస్టు జీనోమ్ చదివితే దాని చుట్టాలు క్లోరెల్లా వైపు తేలారు. మైటోకాండ్రియా రెండు చోట్ల విడివిడిగా చిక్కిపోయింది. వేగంగా మారిన పొడవాటి కొమ్మలు రెండూ వృక్షంలో ఒకదాన్నొకటి లాక్కున్నాయి. ఇలా జరుగుతుందని ఫెల్సెన్‌స్టైన్ 1978లోనే హెచ్చరించాడు.

భూములమ్ముకున్న రెండు కుటుంబాలను, ఇద్దరికీ భూమి లేదు కాబట్టి దాయాదులని ఎవరైనా అంటారా? మన పత్రాల్లో మాత్రం ఇప్పటికీ అంటున్నారు. జన్యువుల లెక్క ఒక పట్టికలో వేసి, తక్కువున్నవన్నీ ఒక గుంపుగా కట్టి, దానికో పేరు పెడుతున్నారు. ఇంకొందరు తక్కువుంటే చాలు ‘ఆదిమం’ అని రాస్తున్నారు. గత సమావేశంలో అలాంటి పత్రానికి చప్పట్లు పడ్డాయి. ఆ గదిలో చప్పట్లు కొట్టనివాణ్ని నేను. ఎందుకో అప్పుడు చెప్పే సమయం ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

ముక్కలైన ఆర్‌ఎన్‌ఏనే దగ్గరగా చూడండి. సీనిడెస్మస్ అనే హరిత శైవలంలో చిన్న రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ రెండు ముక్కలు, పెద్దది నాలుగు. క్లామిడోమోనాస్‌లో పదికి మించాయి. అన్ని ముక్కలూ విడివిడిగా తయారై, ఎక్కడ జత కుదిరితే అక్కడ ఒదిగి, మళ్లీ పనిచేసే రైబోజోమ్ అవుతున్నాయి. కొత్త ప్రోటీన్లు వాటిని పట్టి నిలుపుతున్నాయని 2021లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చూపించింది. ఆ బొమ్మ చూసిన రోజు నేను అన్నం మాట మర్చిపోయాను. ఇక్కడ వంశం చెప్పేది విరగడం ఒక్కటే కాదు. ఏ చోట విరిగింది, ఏ వరసలో విరిగింది అన్నది కొత్తగా పుట్టిన గుర్తు. దాన్ని పంచుకున్నవాళ్లను దాయాదులంటే ఒప్పుకుంటాను.

రెండో వైపు పొరపాటూ అంతే పెద్దది. 2003లో కారా వల్గారిస్ అనే హరిత శైవలం మైటోకాండ్రియా జీనోమ్ వచ్చింది, 67,737 క్షార జతలు. నేలమొక్క మార్కాన్షియాది లక్షా ఎనభై వేలు దాటినా, జన్యువుల జాబితా, వాటి వరస రెంటికీ ఎంతో దగ్గర. ఇంకేముంది, నేలమొక్కలకు సొంత చెల్లెలు కారాయే అన్నారు. కాని 2014 నాటికి వందలాది కేంద్రక జన్యువులు స్పైరోగైరా, జిగ్నీమా వర్గాన్ని నేలమొక్కల పక్కన నిలబెట్టాయి. కారా చేసిందల్లా తాతల నాటి ఇత్తడి బిందెను అమ్మకుండా దాచుకోవడమే. మార్కాన్షియా కూడా దాచుకుంది. బిందె తాతదని తెలుస్తుంది కాని, మనవల్లో ఎవరు ఎవరికి ఎక్కువ దగ్గరో బిందె చెప్పదు.

నా గురువుగారు జీనోమ్ అన్న మాట వాడకుండానే ఇది నేర్పారు. వానాకాలం వెళ్లాక ఎండిపోతున్న నీటిమడుగు గట్టున ఆయన గొంతుక్కూర్చుని, చాకు మొనతో వేలిగోరంత తడి ఒండ్రు లేపారు. మైక్రోస్కోపు కింద మట్టిలోకి దిగిన దుంపల్లాంటి గుత్తులు, పైకి లేచిన సన్నని కొమ్మలు. ఫ్రిట్షియెల్లా ట్యూబరోసా. 1932లో ఎం.ఓ.పీ. అయ్యంగార్ లోకానికి పరిచయం చేసి, తన గురువు ఫ్రిట్ష్ పేరు పెట్టిన నేలశైవలం. ‘చూస్తే మొక్కకు తాతలా ఉంది కదా, పొరపడకు’ అన్నారు గురువుగారు. ఫ్రిట్ష్ అంతటివాడు ఈ వర్గం నుంచే నేలమొక్కలు వచ్చాయని భావించాడు. నేడు దాని స్థానం క్లామిడోమోనాస్ ఉన్న క్లోరోఫైసీ తరగతిలో.

అయ్యంగార్, దేశికాచారి, రంధావా, రామనాథన్ మన మడుగుల నుంచి వర్ణించి పెట్టిన జాతులు పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. వాటిలో ఎన్ని ఇవాళ మన చేతిలో ప్రాణంతో ఉన్నాయి? కుంట నీళ్లు బాటిల్లో పట్టి డీఎన్‌ఏ తీసి జాబితా అచ్చేయడం సర్వే అవుతుంది. ఆ పని వద్దనను. కాని ఏ కణం ఏ జీనోమ్‌ది అన్నది బతికున్న కల్చర్ లేకుండా చెప్పలేం. నేను పనిచేసిన ఒక విభాగంలో పంతొమ్మిదేళ్లు కూడబెట్టిన కల్చర్ స్లాంట్లు ఒక మే నెల సెలవుల్లో ఏసీ ఆగిపోయి తెల్లబడ్డాయి. బాగు చేయించమని నేను రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. తాళం తీసిన రోజు వచ్చిన ఆ కుళ్లు వాసన నాకింకా గుర్తుంది.

అందుకే ఈసారి సంచీలో ట్యూబులు తెచ్చాను. ఫ్రిట్షియెల్లావి నలభై, పెడినోమోనాస్‌వి ఇరవై. మధ్యాహ్నం టీ వేళకు వెనక బల్ల మీద పెడతాను. ప్రతి విభాగం నుంచీ ఒకరు వచ్చి పేరు, ఊరు రాసి తీసుకెళ్లండి. ఒక ఊళ్లో కరెంటు పోతే మరో ఊళ్లో బతకాలి. ప్రయాణంలో ఎండ తగలనివ్వకండి. ఇంటికి చేరగానే దూది బిరడా తీసి చూడాలనిపిస్తుంది, తీయకండి. మూడు వారాలకు కొత్త అగర్ మీదికి మార్చి, బతికిందో లేదో నాకొక కార్డు ముక్క రాయండి.