సలహాదారు రాత్రి ఎక్కడ పడుకున్నాడు?

(మార్లవాయి సభలో మాట్లాడిన మాటలకు రాత రూపం)

 

ఇవాళ జనవరి 11. బెట్టీ అమ్మ 1987లో ఇదే రోజు పోయింది. ఆమె సమాధి, హైమన్‌డార్ఫ్ సమాధి రెండూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. ప్రతి ఏడాది పూలు వేస్తున్నాం, లీడర్లు వచ్చి ఫొటోలు దిగి పోతున్నారు. ఆయన గొప్పతనం పెద్దలు చెప్పారు, మళ్లీ నేను చెప్పను. ఆయన చేసిన ఉద్యోగం గురించి మాట్లాడతా.

1945లో నిజాం సర్కారు ఆయన్ని గిరిజనులు, వెనుకబడిన వర్గాల సలహాదారుగా పెట్టుకుంది. ఇప్పటి భాషలో కన్సల్టెంట్. మన గూడేలకు ట్యాబులు పట్టుకుని వస్తున్నవాళ్లదీ అదే పని. మరి ఎనభై ఏళ్ల తర్వాత వీళ్లలో ఎవరికి మనం పూలు వేస్తాం?

ఒక సంగతి మాత్రం మరవొద్దు. సర్కారుకు ఊరికే మన మీద ప్రేమ పుట్టలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంని చంపినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని వాళ్లకు భయం పట్టుకుంది. ఆ తలుపు తెరిచింది భీం నెత్తురు. హైమన్‌డార్ఫ్ ఆ తలుపులోంచి వచ్చిన మనిషి. ఆయనది ఆస్ట్రియా. యుద్ధకాలంలో జర్మనీ పాస్‌పోర్టు ఉందని ఇంగ్లీషోళ్లు ఆయన్ని హైదరాబాద్ సంస్థానం దాటి పోనివ్వలేదు. అంటే ఆయన కూడా నిఘా కింద ఉన్నోడే.

వచ్చి ఏం చేశాడు? హైదరాబాద్‌లో కూర్చుని రిపోర్టు రాయలేదు. భార్యాభర్తలిద్దరూ ఈ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండి నేర్చుకున్నారు. పండుగలు చూశారు, పెర్సాపేన్ కథలు విన్నారు, ఎవరి భూమి అడవి లైన్ల కింద పోయిందో, ఎవరి దగ్గర ఎవరు మామూళ్లు గుంజుతున్నారో విన్నారు. పక్కన ఉన్నోడికే ఇలాంటివి చెబుతారు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేటోడికి, "అంతా మంచిగనే ఉంది సార్" అంటాం. మనం అట్లనే అంటున్నాం కదా?

ఆ విన్నదాన్ని పట్టుకుపోయి సర్కారు ముందు పెట్టాడు. పట్టాలొచ్చాయి. మన తాతల పెట్టెల్లో ఇంకా దాచుకున్న కాగితాలు కొన్ని అప్పటివే. కానీ నన్నడిగితే పట్టాల కన్నా పెద్దది 1943లో ఇక్కడ పెట్టిన టీచర్ల ట్రైనింగ్ సెంటర్. బయటి నుంచి పంతుళ్లను తేలేదు, గోండు పిల్లగాళ్లనే పంతుళ్లను చేశారు. నాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేయించారు. కాగితంలో ఏముందో పట్వారీ చెబితేనే తెలిసే రోజుల్లో, మనోడే చదివి చెప్పేటట్టు అయిందంటే మాటలు కాదు. మంచి సలహాదారు తను లేకున్నా పని నడిచేటట్టు మనుషుల్ని తయారు చేసి పోతాడు.

బెట్టీ అమ్మను మనం "ఆయన భార్య" అని వదిలేస్తున్నాం. కలిసి తిరిగింది, కలిసి పని చేసింది. 1979లో వచ్చిన గోండుల పుస్తకం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

అట్లని ఆయన్ని దేవుణ్ణి చేయొద్దు. జీతం నిజాం ఇచ్చాడు, సర్కారుకు కావాల్సింది మనం సప్పుడు చేయకుండా ఉండటం. ఇంకొకటి, 1970ల్లో ఆయన తిరిగొచ్చి చూస్తే, ఇచ్చిన భూములు చాలాచోట్ల గిరిజనేతరుల చేతుల్లోకి పోయి ఉన్నాయి. 1/70 చట్టం ఉండంగనే! ఆ సంగతి దాచలేదు, 1982లో అచ్చేసిన పుస్తకంలో రాశాడు. తను చేసిన పని నిలబడిందా లేదా అని మళ్లీ వచ్చి చూసిన కన్సల్టెంటును ఇప్పుడు ఒక్కణ్ణి చూపించండి.

ఇప్పటి సంగతికి వస్తా. ఈమధ్య మా దిక్కు ఒక సర్వే టీమ్ వచ్చింది. ఎన్ని మేకలు, ఎన్ని ఇప్పచెట్లు, ఇల్లు రేకులదా పెంకులదా అని అడిగారు. పేన్ గడికి కాలమ్ లేదు. "ఇతరములు" అని రాసుకున్నారు. మన దేవుడు ఇతరములు! ఆ ట్యాబు పట్టుకుని తిరిగింది ఎవరు? డిగ్రీ చదివి పని లేక, రోజు కూలికి పోయిన మన తమ్ముళ్లే. వాళ్లను తప్పు పట్టను, ఇంట్లో పొయ్యి వెలగాలి. కానీ తమ్మీ, నువ్వు ఇంటింటికీ పోతే ఊరు తలుపు తీసింది నీ మొహం చూసి, కంపెనీని చూసి కాదు.

అందుకే 2013 భూసేకరణ చట్టం ఒకసారి చదువుకోండి. భూమి తీసుకునే ముందు చేసే సామాజిక ప్రభావ అంచనా నివేదిక స్థానిక భాషలో మన పంచాయతీకి ఇయ్యాలి, బహిరంగ విచారణ పెట్టాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే ముందుగా గ్రామసభ ఒప్పుకోవాలి. సర్వే ఫారం మీద అవ్వ వేసిన వేలిముద్ర గ్రామసభ ఒప్పుదల కాదు. ఈ ముక్క గోండిలో, కొలామీలో ప్రతి ఇంట్లో చెప్పండి.

ఈసారి ఎవరొచ్చినా ముందు రాయ్ సెంటర్‌లో కూర్చోబెడదాం. ఎవరు పంపారు, ఆ కాగితం ఎటు పోతది, మళ్లీ ఎప్పుడొస్తావని అడుగుదాం. రాత్రి ఉంటానంటే చాప వేద్దాం, జొన్న గట్క పెడదాం. ఫారం నకలు ఊళ్లో పెట్టకుండా మాత్రం పోనివ్వొద్దు. ఇప్పటిదాకా సర్వేల్లో పని చేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు సభ అయినంక ఆ చెట్టు కిందికి రండి. మీరు ఏం అడిగారో, ఏం రాసుకున్నారో గుర్తున్నంత వరకు ఇవాళే నోటుబుక్కులో రాసి పెట్టుకుందాం.

జై సేవా.