అణువిద్యుత్కేంద్రములు - ఆపదభ్యాసములు



పరీక్ష యనునది రెండు విధములుగా జరుగును. విద్యార్థికి రానిదేదో తెలిసికొనుటకు జరుపునది యొకటి. చూడవచ్చినవారిని మెప్పించుటకు జరుపునది వేరొకటి. ముప్పది సంవత్సరములు తెలుగు పండితుడనై పాఠశాలలలో పనిచేసినవాడను గావున ఈ రెండవదానిని పలుమారులు చూచితిని. తనిఖీ దినమున చురుకైన బాలురు ముందు బల్లలమీదికి వత్తురు. అడుగబోవు ప్రశ్న ముందుగనే వారి చెవిని బడియుండును. అందువలన బడికి కలుగు హాని కొంచెమే. అణువిద్యుత్కేంద్రముల చెంత నట్టి పరీక్షయే జరిగిన నేమగునో, దానిని నిజమైన పరీక్షగా నుంచుటకు ప్రభుత్వము లేమి చేసినవో, ఏమి చేయకపోయినవో, నేడు మనవి చేసెదను.

ముందుగా విషయము. అణువిద్యుత్కేంద్రమున యురేనియము పరమాణువులు చీలుటచే పుట్టిన వేడిమి నీటిని ఆవిరిగా మార్చి యంత్రమును త్రిప్పును. బొగ్గుపొయ్యిని ఆర్పిన చల్లారును. ఇది యట్లు కాదు. కేంద్రమును నిలిపివేసిన పిమ్మటను ఆ యింధనము దినములతరబడి కాగుచునే యుండును. దానిపై నీరు పారుచుండవలెను. నీరు ఆగినచో ఇంధనము కరగి, కంటికి కానరాని రేడియోధార్మిక పదార్థములు గాలిలో గలియవచ్చును. అట్టి దుర్ఘటన యరుదు. నిత్యము చేయు పనికి అభ్యాసము దానంతట వచ్చును. ఒక తరమున కొకమారైన రాని పనికి ప్రత్యేకముగా అభ్యసింపవలెను. కావున సైరను మ్రోగించుట, జనులను తలుపులు మూయించి యింటనుంచుట, బస్సులలో నూరు ఖాళీ చేయించుట, అయోడిన్ మాత్రలు పంచుట మొదలగునవి యప్పుడప్పుడు చేసి చూతురు. ఆ మాత్ర సర్వరోగనివారిణి కాదు. గొంతుకడ నుండు థైరాయిడ్ గ్రంథిని మంచి అయోడినుతో ముందుగా నింపి, చెడు అయోడిను చొరకుండ చేయును, అంతే. వేళ దాటిన పిమ్మట మ్రింగిన ప్రయోజనము స్వల్పము.

అమెరికా దేశమున 1979 మార్చి 28వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమందలి త్రీ మైల్ ఐలెండు కేంద్రమున ఇంధనము కొంత కరగెను. రెండు దినముల తరువాత, అయిదు మైళ్ల లోపలి గర్భిణులును, బడియీడు రాని బిడ్డలును వెడలిపోవుట మంచిదని గవర్నరు చెప్పెను. చెప్పినది కొందరికి, బయలుదేరినవారు లక్షకు మించిరి. అప్పటికి గాని సిద్ధత యెంత కొరవడినదో పాలకులకు బోధపడలేదు. 1980లో నియమము లేర్పడెను: పది మైళ్ల మేర జనరక్షణకును, ఏబది మైళ్ల మేర పాలు, పంటలు, నీటి రక్షణకును ప్రణాళిక యుండవలెను, పూర్తి అభ్యాసములును జరుగవలెను. ప్రహరిలోపలి పనిని అణునియంత్రణ సంఘమును, వెలుపలి యూళ్ల పనిని విపన్నిర్వహణ సంస్థయు పరిశీలించి తీర్పు చెప్పవలెను. తీర్పు సరిగా లేకున్న అనుమతికే మోసము.

ఈ నియమములు నిలుచునా యని తేల్చినది షోరమ్ కేంద్రము. అది న్యూయార్కు రాష్ట్రమున లాంగ్ ఐలెండను పొడవైన సన్నని దీవిలో నున్నది. దీవిని వీడిపోవలెనన్న పడమట మహానగరము మీదుగానే పోవలెను. అంతమందిని తరలింప నసాధ్యమని 1983లో అచటి సఫోక్ కౌంటీ పాలకులు ప్రణాళికలో పాల్గొననిరి. 1986 ఫిబ్రవరిలో వారు లేకయే అభ్యాసము జరిగెను. కౌంటీ యధికారుల పాత్రలను కంపెనీ ఉద్యోగులే ధరించిరి! స్థానిక పాలకులు లేని యీ ప్రదర్శననుబట్టి ప్రజలకు రక్షణ కలదని చెప్పజాలనని పరీక్షాసంస్థ ప్రాంతీయాధికారి ఫ్రాంక్ పెట్రోనీ తన నివేదికలో వ్రాసెను. ఆ వాక్యమును తొలగింపుమని పైవారు కోరిరి. ఆయన తొలగింపక ఉద్యోగమునే వదలుకొనెను. 500 కోట్ల డాలర్లకు మించి వెచ్చించిన ఆ కేంద్రము 1989 నాటి యొడంబడికచే మూతబడెను. రాష్ట్రమునకు దాని నమ్మిన వెల ఒక్క డాలరు. అంత ధనము వ్యర్థమైనదని నేటికిని వగచువారు కలరు. ఆ వాదమున నాకు పక్షము లేదు. రాని బాలునికి హాజరు వేయుమన్న, వేయని గురువుగా పెట్రోనీని తలచెదను.

ముప్పదేండ్లు పరీక్షలు జరిగిన పిదప ఆ దేశపు నియంత్రణ సంఘము మరియొక లోపమును కనిపెట్టినది. అభ్యాసకథను కూర్చునది కంపెనీయే. అరువది దినములు ముందుగా సంఘమునకు పంపును. ఏటేట కథ యొక్కటే. తుదకు విషవాయువు వెడలి తీరును. పాల్గొనువారికి కథ కంఠస్థమైనది! కావున 2011లో నియమమును మార్చి, ఎనిమిదేండ్ల యావర్తములో కథలు మారుచుండవలెననియు, ఒకమారు ఏమియు వెడలకుండ, ఒకమారు శత్రువు దాడిచేసినట్లు ఉండవలెననియు విధించినది.

ఆ సంవత్సరముననే మార్చి 11న జపానులో భూకంపమును సునామియు వచ్చి ఫుకుషిమా కేంద్రము చెడెను. అచట అభ్యాసములు లేకపోలేదు. 1999 నాటి తోకైమురా ప్రమాదము తరువాత క్రమముగా జరుగుచునే యుండెను. కాని ఆ కథలలో ఇంధనము కరగదు. భూకంపమును అణుప్రమాదమును కలిసి రావు. 2006లో ప్రణాళికలను అంతర్జాతీయ ప్రమాణములకు సరిచేయ నొక సంఘము తలపెట్టగా, జనులు భయపడుదురని నియంత్రణ సంస్థయే యడ్డుపడినది. ఆ సంస్థ అణువిద్యుత్తును పెంపొందించు పరిశ్రమల శాఖక్రిందనే యుండెను. తన బడిపిల్లలకు తానే మార్కులు వేసికొన్నట్లాయెను.

ఫలమేమి? ప్రణాళిక పది కిలోమీటర్లకు మించదు. తొలిరాత్రి మూడు కిలోమీటర్లవారిని, వేకువను పదింటివారిని, ఆ సాయంకాలము ఇరువదింటివారిని పొమ్మనిరి. ఆపత్కాలమున అధికారులు కూడవలసిన భవనము కేంద్రమునకు అయిదు కిలోమీటర్ల దూరముననే యుండెను. విషధూళిని వడగట్టు సాధనములు దానికి లేవు. అవి కావలయునని 2009లోనే హెచ్చరించినను వినలేదు. మార్చి 15న దానిని విడిచిపోయిరి. ఆ మాసాంతమునకు ఆసుపత్రులనుండియు ఆశ్రమములనుండియు తరలింపబడిన రోగులలో కనీసము 60 మంది మృతిచెందిరని పార్లమెంటు నియమించిన విచారణసంఘము 2012లో తెలిపినది. వారిని చంపినది వికిరణము కాదు. మంచమునబడినవారిని మోయు నేర్పాటు లేకపోవుట. అయోడిన్ మాత్రలు నిలువయున్నను పంచుమను నాజ్ఞ సకాలమున రాలేదు. మిహారు అను చిన్న యూరి యధికారులు మాత్రము 15వ తేదీన తామే నిశ్చయించి పంచిరి. వెనుకకు తీసికొనుడని పైవారు చెప్పినను వినలేదు. 2012 సెప్టెంబరున పాత నియంత్రణ సంస్థను తొలగించి వేరొక స్వతంత్రసంఘమును నెలకొల్పిరి.

మన దేశమున 1983లో అణుశక్తి నియంత్రణ మండలి యేర్పడినది. కేంద్రమునకు 16 కిలోమీటర్ల లోపలి గ్రామములకు ఆపత్ప్రణాళిక యుండును. ప్రహరి వెలుపలి పనులకు జిల్లా యధికారులు బాధ్యులు. 2012లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక, వెలుపలి యభ్యాసములలో సిద్ధత చాలదని తేలినట్లును, తాను సూచించిన సవరణలను చేయించు నధికారము మండలికి లేనట్లును నిర్మొగమోటముగా వ్రాసినది. తప్పు దిద్దిన నోటుపుస్తకమును బాలుడు మరల తెరువకున్న అడుగు హక్కు గురువునకు లేదన్నట్లు! 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన నూతనశాసనముచే ఆ మండలికి శాసనప్రతిపత్తి కలిగినది.

తెలుగునాట అణువిద్యుత్కేంద్రము నేటికి లేదు. అణు ఇంధనము హైదరాబాదున తయారగుచున్నది. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడ వద్ద కేంద్రము కట్టు ప్రతిపాదన మాత్రము కలదు. కల్పాక్కము, కైగా పరిసరములలో మనవారు వసించుచున్నారు. అట్టి యూళ్లలో అభ్యాసదినమున అధికారులు జీపులలో వచ్చినపుడు పెద్దలు మర్యాదగా అడుగదగినవి కలవు: మాత్రలున్న బీరువా తాళము రాత్రివేళ ఎవరియొద్ద నుండును? మంచమునుండి లేవలేని ముసలమ్మను బస్సువరకు మోయువారెవరు? పాలిచ్చు గేదెలమాట యేమి? క్రిందటి పర్యాయము కనబడిన లోపములెవ్వి, వానిని దిద్దినట్లు సంతకము చేసినవారెవరు?