మూడు ముళ్ళు – ముగ్గురు

మన వివాహములలో మూడు ముళ్ళతో ఇద్దరు ఒకటగుదురు. ముగ్గురు కలసిననేగాని కుటుంబము కాని లోకమును ఐజాక్ అసిమోవ్ తన 'ది గాడ్స్ థెమ్‌సెల్వ్స్' నవలలో చిత్రించినాడు. ఇది 1972లో వెలువడినది.

అచట లింగములు మూడు: ఒకరిది జ్ఞానము, ఒకరిది భావుకత, ఒకరిది శిశుపోషణ. తండ్రి గోత్రమే బిడ్డలందరికి సంక్రమించు మన ఆచారము అచట లేదు. తొలిబిడ్డ జ్ఞానిని, రెండవబిడ్డ పోషకుని, మూడవబిడ్డ భావుకురాలిని పోలి పుట్టవలెను. ఆ మూడవబిడ్డ పుట్టిననేగాని వంశము పూర్తి కాదు. ఆ బిడ్డలు పెరిగిన పిమ్మట, కన్నవారు ముగ్గురును ఆ జీవితమును చాలించి వెడలిపోవలెను.

అందుచేత డువా అను భావుకురాలు మూడవ సంతానమునకు వెనుదీయును. పోషకుడైన ట్రిట్ శక్తినిచ్చు ఆహారమును దొంగిలించి తెచ్చి, ఆమె యెరుగకుండ ఆమెకు అందునట్లు చేయును. బిడ్డ కలుగును. నిజము తెలిసిన డువా వారిని విడిచిపోవును.

ట్రిట్ దుర్మార్గుడు కాడు. వంశము నిలుపుట తన ధర్మమని నమ్మినవాడు. మన యిండ్లలో మనుమని కొరకు కోడలిని తొందరపెట్టు పెద్దలును అట్లే నమ్ముదురు. శ్రోతలు ఆలోచింతురు గాక: దంపతులు ఇద్దరైనను, ముగ్గురైనను, ఆ భారము మోయవలసినవారిని ముందుగా అడుగుట న్యాయము కాదా?