కందకములనుండి వచ్చిన ప్రేమలేఖలు

(ప్రసంగ పాఠము)

 

ప్రేమలేఖ యనగనే నవ్వుకొనువారు ఏ సభలోనైనను కొందరుందురు. అందు పొగడ్తయు బెంగయు తప్ప మరేమి యుండునని వారి తలంపు. 1914లో ఆరంభమైన మహాసంగ్రామమున రోలండ్ లెయిటన్ అను ఆంగ్ల యువకుడు ఫ్రాన్సునుండి వీరా బ్రిటన్ అను కన్యకు వ్రాసిన లేఖలు చదివినచో ఆ తలంపు నిలువదు. వానిలో కొన్నింటిని ఆమెయే 1933లో ‘టెస్టమెంట్ ఆఫ్ యూత్’ అను తన జీవితకథలో చేర్చెను. ఉభయుల లేఖలును, వారి మిత్రుల లేఖలతో గూడ, 1998లో సంపుటముగా వెలువడినవి.

వీరా తండ్రి కాగితపు మిల్లు యజమాని. రోలండ్ తలిదండ్రు లిరువురును రచయితలు. వీరా తమ్ముడు ఎడ్వర్డు, రోలండ్ ఒకే పాఠశాలలో చదువుకొనిరి. 1914 జూలైలో అచ్చట జరిగిన వార్షికోత్సవమున బహుమానములలో అధికభాగము రోలండ్‌కే దక్కెను. ఆ యేడు ఇరువురును ఆక్స్‌ఫర్డులో చేరవలసియుండిరి. స్త్రీలు చదివి పరీక్షలలో నెగ్గినను వారికి పట్టము లియ్యని కాలమది. 1920లో గాని ఆ విశ్వవిద్యాలయము అందులకు ఒప్పుకొనలేదు. అయినను ఆమె పట్టుపట్టి చేరినది. అతడు సైన్యములో చేరెను.

వారు కలిసికొన్న దినములు బహు స్వల్పము. కలిసినప్పుడైనను ఏ పినతల్లియో మేనత్తయో వెంట నుండవలసినదే. ఇట్టి కట్టుబాటు మన దేశమున మాత్రమే యున్నదని తలచువారు ఈ సంగతి గమనింపదగును. కావున మనసు విప్పి మాటలాడుకొనుటకు వారికి దొరికిన చోటు కాగితమొక్కటే. 1915 మార్చి నెలాఖరున అతడు ఫ్రాన్సునకు దాటినది మొదలు ఆ కాగితమే సర్వమైనది. బ్రిటిషు సైన్యపు తపాలా అద్భుతముగా నడచెడిది. యుద్ధము ముదిరిన దినములలో వారమునకు కోటి ఇరువది లక్షల జాబులు సాగినవట! లండనులో వేసిన ఉత్తరము రెండు మూడు దినములలో కందకమున నున్నవాని చేతికందెడిది. సాధారణ సైనికుల జాబులను వారిపై అధికారులు చదివి, చెప్పరానివి కొట్టివేసి పంపెడివారు. రోలండ్ అధికారి గనుక ఆ పనియు చేయువాడే. ఇతరుల ప్రేమలేఖలు చదివి ముద్ర వేసిన చేతితోనే తన లేఖ వ్రాసికొనెడివాడు.

ఆ ఏప్రిలులో బెల్జియమునందలి ప్లూగ్‌స్టీర్టు అడవినుండి అతడు కొన్ని నీలపు వయొలెట్ పూవులను కోసి లేఖలో పెట్టి పంపెను. ప్రియుడన్నవాడు పూవులు పంపుట వింత గాదు. ఆ అడవిలోనే, దారికి దాపున పొదల మాటున, తనవైపు సైనికుని శవ మొకటి కనబడిన సంగతియు ఆమెకు వ్రాసినాడు. ఇదియే ఈ లేఖల విశేషము. అతడామెకు తీపిని మాత్రమే ఏరి పంపలేదు. ఆమెయు అట్లు కోరలేదు. యుద్ధమునకు వెళ్లకపూర్వము, అది భయంకరమైనను మనుష్యుని ఉన్నతుని జేయునని నమ్మినవాడు, 1915 సెప్టెంబరులో పాడుబడిన కందకమున కుళ్లిన గుడ్డలును ఎముకలును చూచి, యుద్ధము వైభవమని చెప్పువారు వచ్చి దీనిని చూడవలెనని మండిపడెను.

ఆగస్టులో సెలవుపై వచ్చినప్పుడు వారికి వివాహ నిశ్చయమైనది. తిరిగి వెళ్లిన పిమ్మట అతని లేఖలు తగ్గినవి, పొడిబారినవి. తాను అడవిమనిషినైపోతినని, పూర్వపు మనస్సు నిలుచుట లేదని అతడు వ్రాయగా ఆమెకు కోపము వచ్చెను. అప్పటికామె చదువు విడిచి, లండను సైనిక వైద్యశాలలో గాయపడినవారి కట్లు మార్చు పనిలో నుండెను. నొచ్చుకొని ఘాటుగా ప్రత్యుత్తర మిచ్చినది. మృత్యువు ప్రక్కనున్నవానితో తగవులాడవచ్చునా యని కొందరనవచ్చును. జాలిపడి ఊరకుండినచో అది ప్రేమకంటె పరామర్శ యగును గదా! ఆ తగవు లేఖలలోనే చల్లారినది. క్రిస్మసునకు సెలవు దొరకుచున్నదని అతడు వ్రాసెను.

1915 డిసెంబరు 25వ తేదీన ఆమె బ్రైటన్‌లోని గ్రాండ్ హోటలులో అతనికై ఎదురుచూచెను. రాకపోగా, ఓడ ఆలస్యమైనదని సమాధానపడినది. మరునాటి యుదయము టెలిఫోను మ్రోగినదని చెప్పగనే అతడే యనుకొని పరుగెత్తినది. పలికినది అతని చెల్లెలు. 22వ తేదీ రాత్రి వెన్నెలలో, ఎబ్యుటెర్న్ యొద్ద కందకము ముందరి ముళ్లతీగను బాగుచేయించుటకై వెళ్లి గుండు దెబ్బ తిని, 23వ తేదీన లూవెన్‌కూర్ వైద్యశాలలో అతడు కన్నుమూసెను. వయస్సు ఇరువది యేండ్లు. ఆమె ఎదురుచూడ నారంభించునప్పటికే అతడు లేడు.

జనవరిలో అతని దుస్తులు ఇంటికి వచ్చినవి. బురదయు నెత్తురును అంటి, వాసన కొట్టుచున్న ఆ బట్టలను చూచినప్పుడు కలిగిన క్షోభను ఆమె తమ్మునికి దాచక వ్రాసినది. రోలండ్ చూపిన రీతియే అది. ఆ తమ్ముడును 1918 జూన్ 15న ఇటలీలో హతుడయ్యెను.

రోలండ్ కాగితములలో అతడు వ్రాసిన పద్యమొకటి దొరకినది. పేరు ‘హెడోవిల్’, 1915 నవంబరు, లేఖలు పొడిబారిన ఆ నెలయే. దారులు విడిపోవుటయు, ఆమెకు మరియొక అపరిచితుడు ఎదురగుటయు అందు సూచింపబడినవి. ఇన్ని జాబులు వ్రాసినవాడు ఆ పద్యమును మాత్రము తపాలాలో వేయలేదు. దాని భావమేమని ఆమె ఎంత తలపోసినను, అడుగుటకు అతడు లేకపోయెను.