వందలో ఒక్క భాగం

సకల ప్రశంసలు సర్వలోకాలను సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక.

సోదర సోదరీమణులారా! ముందుగా మాకు, ఆ తర్వాత మీకు, అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి జీవించమని ఉపదేశిస్తున్నాము.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అల్లాహ్ కారుణ్యాన్ని వంద భాగాలు చేసి, తొంభై తొమ్మిదింటిని తన వద్దనే ఉంచుకొని, ఒక్క భాగాన్ని భూమిపైకి దింపాడని, ప్రాణులన్నీ ఒకదానిపై ఒకటి చూపే జాలి అంతా ఆ ఒక్క భాగం నుంచే వచ్చినదని ప్రవక్త వారు (స) తెలిపారు. అందుకు వారు చూపిన ఉదాహరణ గమనించదగినది. ఒక రాజునో, ఒక దాతనో చూపలేదు. పిల్లకు ఎక్కడ తగులుతుందోనని గిట్టను పైకెత్తే గుర్రాన్ని చూపారు.

ఆ గిట్టను ఎత్తించినదేమిటి? ఈనాడు దీనినే ఆలోచిద్దాము.

తల్లిగా ఎలా మెలగాలో ఆ గుర్రానికి ఎవరూ బోధించలేదు. ఆ బోధను అల్లాహ్ దాని రక్తంలోనూ మెదడులోనూ ఉంచాడు. పాలిచ్చి పిల్లలను పెంచే ప్రాణులలో మెదడు అడుగున పిట్యూటరీ అనే గ్రంథి ఉంటుంది. మనిషిలో అది బఠాణీ గింజంత. ప్రసవ సమయంలో దాని నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను వెలువడుతుంది. గర్భాశయం ముడుచుకొని బిడ్డ బయటకు రావడానికి అది తోడ్పడుతుంది. బిడ్డ నోరు రొమ్ముకు తగలగానే పాలను దింపేదీ అదే. దూడ పొదుగును కుమ్మగానే గేదె చేపింది అని మన పల్లెలలో అంటారు. ఆ చేపు వెనుక ఉన్నది ఈ హార్మోనే. 1906లో హెన్రీ డేల్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఈ గ్రంథి సారానికి గర్భాశయాన్ని ముడుచుకొనేటట్లు చేసే శక్తి ఉన్నదని గుర్తించాడు. అమెరికాకు చెందిన విన్సెంట్ డు వీన్యో దాని నిర్మాణాన్ని కనుగొని, ప్రయోగశాలలో తయారు చేసి, 1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న కూర్పు అది.

దాని పని శరీరంతో ఆగిపోదు. పిల్లలను కనని ఆడ ఎలుక ముందు పసికూనలను ఉంచితే సాధారణంగా అది బెదరి తప్పుకుంటుంది. 1979లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, ముందుగా ఈస్ట్రోజన్ అనే మరొక హార్మోను ఇచ్చిన అటువంటి ఎలుకల మెదడులోకి ఆక్సిటోసిన్‌ను ఎక్కించారు. వాటిలో అనేకం కొద్దిసేపటికే పరాయి పిల్లలను నోట పట్టి గూటికి చేర్చాయి, నాకి శుభ్రం చేశాయి. ఇక గొర్రె ఈనిన తర్వాత సుమారు రెండు గంటలలోనే తన పిల్ల వాసనను మనసుకు పట్టించుకుంటుంది. ఆపై ఆ వాసన లేని పిల్ల పాలకు వస్తే తలతో కుమ్మి తరిమివేస్తుంది.

అయితే తల్లి ప్రేమ ఒక రసాయనం మాత్రమేనా అని కొందరు యువకులు మమ్మల్ని అడిగారు. వాన మేఘం నుంచి కురుస్తుందని తెలిసినంత మాత్రాన వానను కురిపించేవాడు లేకుండా పోడు. మార్గం తెలిసినప్పుడు దాత పట్ల కృతజ్ఞత పెరగాలి గాని తరగకూడదు. అరబీలో తల్లి గర్భాన్ని రహిమ్ అంటారు. రహ్మాన్ అనే దివ్యనామానిదీ అదే ధాతువు. ఆ పేరును తన నామం నుంచే తీశానని అల్లాహ్ సెలవిచ్చినట్లు హదీసులో ఉంది.

సోదరులారా! కారుణ్యం శరీరం గుండా ప్రవహిస్తున్నదంటే, ఆ శరీరం అలసినప్పుడు, బెదరినప్పుడు ప్రవాహం కూడా సన్నబడగలదు. కొత్త మనిషి కొట్టంలోకి వచ్చినా, కుక్క మీదికి మొరిగినా గేదె చేపదని పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. స్త్రీలలోనూ భయం, ఆందోళన, నొప్పి పాలు దిగడాన్ని అడ్డుకుంటాయి. గేదె దగ్గర గొంతు తగ్గించే మనం బాలింత దగ్గర ఎందుకు తగ్గించము?

కొంతకాలం క్రితం అసర్ నమాజు తర్వాత ఒక యువకుడు మా వద్దకు వచ్చాడు. "హజ్రత్, మా ఇంట్లో బిడ్డ పుట్టి నెల దాటింది. ఆమె బిడ్డను ఎత్తుకోదు, రాత్రంతా ఏడుస్తుంది. ఇది తల్లి మనసేనా అని మా అమ్మీ అంటున్నారు" అన్నాడు. మేము దుఆ చేసి, ఆమెను ఓర్పు వహించమని చెప్పి పంపించాము. అది చాలలేదు. ఓర్పు వహించవలసినది ఆమె చుట్టూ ఉన్నవారని, ఆమెకు వైద్యం కావాలని ఆనాడు మాకు తోచలేదు. తర్వాత ఆమెను పరీక్షించిన డాక్టరమ్మ ఇది దోషం కాదు, జబ్బు అని చెప్పిన మాట విన్నప్పుడు మేము సిగ్గుపడ్డాము. ఆమె కోలుకున్నది, అల్‌హందులిల్లాహ్. మా పొరపాటు మీలో ఎవరూ చేయకూడదనే ఈ మాట ఇక్కడ చెబుతున్నాము.

ప్రసవం కాగానే నెలల తరబడి శరీరంలో పెరిగిన కొన్ని హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. దానికి నిద్రలేమి, నొప్పి, ఒంటరితనం తోడవుతాయి. మొదటి రోజులలో ఎందుకో తెలియని ఏడుపు చాలామంది తల్లులకు వస్తుంది. సాధారణంగా రెండు వారాలలో తగ్గుతుంది. అంతకు మించి సాగితే వైద్యునికి చూపించాలి. తనకు గాని బిడ్డకు గాని హాని చేసుకోవాలన్న ఆలోచన ఆమె నోట వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఇది నయమయ్యే జబ్బు. దీనిని ఈమాన్ లోపమనడం అజ్ఞానం.

ఖుర్ఆన్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తల్లిని తలచుకోండి. బిడ్డ తిరిగి వస్తాడని అల్లాహ్ స్వయంగా మాట ఇచ్చిన తల్లి ఆమె. అయినా బిడ్డను నదిలో విడిచిన తర్వాత ఆమె హృదయం శూన్యమైపోయిందని, అల్లాహ్ దానిని దృఢపరచకపోతే ఆమె రహస్యాన్ని బయటపెట్టి ఉండేదని అల్ ఖసస్ సూరా తెలుపుతున్నది. ఆ శూన్యతకు అల్లాహ్ ఆమెను నిందించలేదు. ఆమె గుండెను నిలబెట్టాడు, బిడ్డను తిరిగి ఒడికి చేర్చాడు. ఆయన నిందించని స్థితిని నిందించడానికి మనమెవరము?

షరీఅత్ కూడా ఆమె శరీరాన్ని లెక్కలోకి తీసుకున్నది. పురిటి రోజులలో నమాజును మాఫీ చేసింది. పాలిచ్చే తల్లికి తన మీదనో బిడ్డ మీదనో భయముంటే ఉపవాసాన్ని వాయిదా వేసుకొనే వెసులుబాటు ఇచ్చింది. బిడ్డ మూలంగా తల్లిని బాధ పెట్టరాదని, ఆమె తిండి, బట్ట తండ్రి బాధ్యత అని అల్ బఖరా సూరా స్పష్టం చేసింది. నమాజును సుదీర్ఘంగా చేయాలని నిలబడిన ప్రవక్త వారు (స), వెనుక ఒక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు తల్లడిల్లుతుందని నమాజును క్లుప్తం చేసేవారు. ఆమె కోసం నమాజే క్లుప్తమైనప్పుడు, ఆమె ముందు మన అధికారం, మన దెప్పిపొడుపులు క్లుప్తం కాకూడదా?

తండ్రులారా! ఇది ఆడవారి వ్యవహారమని తప్పుకోకండి. ముందు చెప్పిన ఆ బెదిరే ఎలుకలనే ఏ సూదీ లేకుండా రోజూ పసికూనల వద్ద ఉంచితే, సుమారు వారం రోజులలో అవి కూడా పిల్లలను సాకడం మొదలుపెడతాయని పరిశోధకులు చూశారు. ప్రసవంతో తెరుచుకొనే తలుపును దగ్గరితనం కూడా తెరవగలదు. రాత్రి ఒక జాము బిడ్డను మీరు ఎత్తుకోండి. ఆమెకు నిద్ర దొరుకుతుంది, మీకు తండ్రి మనసు దొరుకుతుంది.

చివరిగా ఒక్క మాట. గొర్రె తన పిల్ల వాసన దగ్గరే ఆగిపోతుంది. దానిపై అంతకు మించిన బాధ్యత లేదు. మనపై ఉన్నది. మన ప్రవక్త (స) పుట్టకముందే తండ్రిని కోల్పోయి, హజ్రత్ హలీమా (రజి) పాలతో పెరిగారు. అనాథను సాకేవాడు, తాము స్వర్గంలో రెండు వేళ్ళవలె దగ్గరగా ఉంటామని చెప్పారు. సొంత బిడ్డపై ప్రేమ అల్లాహ్ మన రక్తంలో పెట్టి ఇచ్చిన వరం. పరాయి బిడ్డను అక్కున చేర్చుకోవడం మనం ఆయనకు చూపే కృతజ్ఞత.

ఓ అల్లాహ్! మా ఇళ్ళలోని తల్లుల గుండెలను, మూసా తల్లి గుండెను నిలబెట్టినట్లు నిలబెట్టు. వారి చుట్టూ మేము భయంగా కాక నెమ్మదిగా ఉండే బుద్ధినివ్వు. నీవు దింపిన ఆ ఒక్క భాగం నుంచి మాకు వాటా ఇవ్వు. తీర్పుదినాన మిగిలిన తొంభై తొమ్మిదింటి నీడలో మమ్మల్ని చేర్చు. ఆమీన్.