పోషకుడగు దేవుడు

మా వేంసూరు రైతు విత్తనము చల్లి మబ్బు వంక చూచును. చల్లకయే చూచువాడు రైతు గాడు. క్రైస్తవుల దైవవిశ్వాసమును ఇట్టిదే.

1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ప్రార్థించి ఊరకుండలేదు. బకింగుహాము కాలువలో 3½ మైళ్ల త్రవ్వకమును గుత్తకు గైకొని, ఆకొన్నవారికి పనియు కూలియు కల్పించిరి. అయినను, అన్నమునకై మతము పుచ్చుకొందురేమో యని ఆ కాలమున ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. కరువు పనులు ముగిసినవి, కూలి నిలిచినది. అప్పుడు, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యేటిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

దానమును నమ్ముట వేరు. దాతను నమ్ముట వేరు. కూలి ఆగినను నిలుచునదియే నమ్మకము.